లంద నించి సంత దాకా: తోలు, బొమ్మ, పేరు

భూమి, కూలి, రిజర్వేషన్లు, దాడులు - వీటి గురించి మాట్లాడుకోడానికే మన పేజీలు చాలవు. అట్లాంటప్పుడు లక్షలు పెట్టి కొని గోడకు తగిలించుకునే బొమ్మల గొడవ మనకెందుకు అని ఎవరైనా అడగొచ్చు. అడగాల్సిందే. ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే ఈ వ్యాసం పని. 'కళ' అనే మాటను ఎవరి పనికి తగిలిస్తారు, ఎవరి పనికి తగిలించరు అనేది రుచికి సంబంధించిన విషయం కాదు, కులానికి సంబంధించిన విషయం. ధర, పేరు, గౌరవం మూడూ ఆ మాట వెంటే నడుస్తాయి. ఆ మాట దక్కని పనికి మిగిలేది కూలి మాత్రమే. కొన్నిసార్లు అదీ సరిగా మిగలదు.

ఈ విషయాన్ని నల్లమాడ వైపు నించి చూస్తే యింకా స్పష్టంగా కనబడుతుంది. అనంతపురం జిల్లాలో వుండిన నల్లమాడ మండలం 2022 ఏప్రిల్ నించి శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది. జిల్లా పేరు మారింది గానీ వాన మారలేదు. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో వొకటిగా లెక్కకొచ్చిన నేల యిది. వేరుశనగ వేసి మబ్బుకేసి చూడటం, పంట ఎండితే బస్సెక్కి బెంగుళూరు పోవడం యీ ప్రాంతంలో చాలా కుటుంబాలకు అలవాటైన దారి. బస్సు దిగినవాళ్ళు చేసే పనులు కూడా తెలిసినవే: మట్టిపని, బేల్దారి పని, కాపలా, గోడలకు రంగులు వేయడం.

బొమ్మల సంత ఎట్లా నడుస్తుంది?

ముందు ఆధునిక కళల సంత అంటే ఏమిటో తెలుసుకుందాం. దీన్ని ఇంగ్లీషులో ఆర్ట్ ఫెయిర్ అంటారు. ఇది ప్రదర్శన మాత్రమే కాదు, బజారు కూడా. జర్మనీలోని కొలోన్ నగరంలో 1967లో మొదలైన సంతను యీ పద్ధతికి మొదలుగా చెబుతారు. స్విట్జర్లాండులోని బాసెల్‌లో 1970లో మొదలైన సంత యీరోజు ప్రపంచంలో పెద్ద పేరున్నది. మన దేశంలో 2008లో ఢిల్లీలో 'ఇండియా ఆర్ట్ సమ్మిట్' పేరుతో వొక సంత మొదలైంది. తర్వాత అది 'ఇండియా ఆర్ట్ ఫెయిర్' అయింది. కేరళలో 2012 నించి జరుగుతున్న కొచ్చి బినాలే వేరు. అది చూడటానికి పెట్టింది, ఆర్ట్ ఫెయిర్ అమ్మడానికి పెట్టింది. అయితే బినాలేలో చోటు దొరికిన కళాకారుడి ధర సంతలో పెరుగుతుంది. కాబట్టి రెంటికీ చుట్టరికం వుంది.

ఇట్లాంటి పెద్ద సంతలో మామూలుగా కళాకారుడు నేరుగా కొట్టు పెట్టుకోడు. గేలరీలు స్థలానికి అద్దె కట్టి కొట్లు తీసుకుంటాయి. ఏ గేలరీకి చోటివ్వాలో నిర్ణయించే కమిటీ వుంటుంది. ఏ కళాకారుణ్ణి చూపించాలో గేలరీ నిర్ణయిస్తుంది. బొమ్మ అమ్ముడుపోతే వచ్చిన డబ్బును గేలరీ, కళాకారుడు సాధారణంగా సగం సగం పంచుకుంటారు. ఆ బొమ్మకు ధర ఎట్లా కడతారు? రంగు ఖరీదు, గుడ్డ ఖరీదు, పట్టిన రోజులు లెక్కేసి కాదు. వేసినవాడు ఎక్కడ చదివాడు, యింతకుముందు ఎవరు చూపించారు, ఎవరు కొన్నారు, ఎవరు రాశారు - యివన్నీ కలిసి ధరవుతాయి. అంటే పరిచయాలే పెట్టుబడి. తరతరాలుగా ఆ పరిచయాల బయట వుంచబడినవాళ్ళు ఎంత బాగా గీసినా సంత గేటు దగ్గరే ఆగిపోయే ఏర్పాటు ధర కట్టే పద్ధతిలోనే వుంది. ఇక్కడ ఎవరూ ఎవర్నీ కులం అడగరు. అడగాల్సిన అవసరమే రాదు.

దీనికి భిన్నమైనది బెంగుళూరులో జరిగే 'చిత్రసంతె'. కర్ణాటక చిత్రకళా పరిషత్తు 1960లో మొదలైన సంస్థ. అది ఏటా జనవరి ప్రాంతంలో వొక ఆదివారం కుమారకృప రోడ్డు మీద యీ సంత జరుపుతోంది. వెయ్యిమందికి పైగా చిత్రకారులు రోడ్డుకు రెండు వైపులా బొమ్మలు పెట్టుకొని కూర్చుంటారు. వంద రూపాయల బొమ్మ వుంటుంది, లక్షల బొమ్మా వుంటుంది. కొనేవాడు బొమ్మ వేసినవాడి చేతికే డబ్బిస్తాడు. లోపలికి పోయి చూడటానికి టికెట్టు లేదు. ఢిల్లీ సంత సూపర్ బజారైతే యిది మన కదిరి సంత లాంటిదని చెప్పొచ్చు.

వొక మిత్రుడి ప్రశ్న

నల్లమాడ దగ్గర వొక వూరికి చెందిన మిత్రుడితో కలిసి వొకసారి యీ చిత్రసంతెకు పోయాను. ఆయన బెంగుళూరులో యిళ్ళకు రంగులు వేస్తాడు. నాయన డప్పు కొట్టేవాడు. తాత లంద దగ్గర తోళ్ళు శుద్ధి చేసేవాడు. నేను బొమ్మల్లోని విషయాన్ని చూస్తూ పోతుంటే ఆయన బొమ్మల కింది పనిని చూస్తున్నాడు. గుడ్డకు పూత సరిగా పట్టిందా లేదా, రంగు వొక దెబ్బలో వేసినదా రెండు దెబ్బల్లో వేసినదా అని దగ్గరికి పోయి వంగి చూశాడు. వొక పెద్ద బొమ్మ దగ్గర ఆగి, "యీ నీలం అడుగున తెలుపు ఆరకముందే కొట్టినారన్నా, రెండేండ్లకు పగులుతాది" అన్నాడు. వేసిన యువకుడు ముందు నవ్వి, తర్వాత నిజమేనని వొప్పుకొని, ఏ పూత వాడాలని అడిగి తెలుసుకున్నాడు.

కాసేపటికి మిత్రుడు వొక మాటన్నాడు: "ఈడ అందురూ పెయింటర్లే గదన్నా. నేనూ పెయింటర్నే. వాళ్ళు బొమ్మ కింద పేరు రాసుకుంటాండారు. నేనేసిన గోడ కింద పేరు రాస్తే మేస్త్రీ కూలి కోస్తాడు."

గోడకు రంగు వేయడం, బొమ్మ వేయడం వొకటే అని ఆయన వాదన కాదు. ఆయన అడిగింది పేరు గురించి. ఏ పనికి పేరు రాసుకునే హక్కుంది, ఏ పనికి లేదు అనేది ఎవరు నిర్ణయించారు అని. పరిషత్తు సేకరణలోని తోలుబొమ్మల ముందు నిలబడినప్పుడు అదే ప్రశ్నను యింకో రకంగా అడిగాడు. "బొమ్మ గీసినోళ్ళు, ఆడిచ్చినోళ్ళు సరే. యీ తోలు ఎవురు తీసినారన్నా?"

ఈ చిన్న ప్రశ్నకు జవాబు చెప్పాలంటే తోలు చరిత్ర కొంత చెప్పుకోవాలి.

తోలు నీళ్ళు తోడిన నేల

కరెంటు మోటార్లు రాకముందు రాయలసీమ మెట్టల్లో బావి నీళ్ళు పైకి వచ్చింది కపిలతో. ఎద్దులు వాలులో దిగుతుంటే తోలుబాన నీళ్ళతో పైకొచ్చేది. ఆ బాన కుట్టింది మాదిగలు. చచ్చిన గొడ్డును మోసుకొచ్చింది, వొలిచింది, సున్నంలో నానేసింది, తంగేడు చెక్క వేసి లందలో పదును చేసింది, కుట్టింది అంతా వాళ్ళే. బాన చినిగితే మళ్ళీ కుట్టిందీ వాళ్ళే. చెప్పులు, పగ్గాలు, ఎద్దుల పట్టెడలు కూడా అంతే. కరువు నేలలో పచ్చగా కనబడిన ప్రతి మడి వెనకా వొక లంద వుంది.

అయితే ఆ తోలుబాన లోంచి పడిన నీళ్ళు అందరి పొలాలకూ పోయాయి. దాన్ని కుట్టిన మనిషి మాత్రం వూరి బావిలో చేద వేయడానికి లేదు. తోలుకు మైల లేదు, తోలు పని చేసినవాడికే మైల. అంటరానితనం వస్తువును వదిలి మనిషిని పట్టుకునే తీరు యిది. 'తోలు అపవిత్రం కాబట్టి మాదిగను దూరం పెట్టారు' అని పుస్తకాల్లో చెప్పే కారణం కపిల బావి దగ్గరే అబద్ధమని తేలిపోతుంది.

తోలుబొమ్మ దగ్గర యిది యింకో రూపంలో కనబడుతుంది. శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట తోలుబొమ్మలకు పేరున్న వూరు. ఈ బొమ్మలు ఆడించే కుటుంబాలు మాదిగలు కావు. మరాఠీ మూలాలున్న, వూరూరా తిరిగి ఆడి బతికిన కుటుంబాలు. వాళ్ళదీ పేదరికమే. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, వెలుతురు దాటేంత పలచగా చేసి, ఆరబెట్టి, బొమ్మ గీసి, ఉలితో చిల్లులు కొట్టి, రంగులు వేస్తారు. కాళ్ళు చేతులు విడిగా కట్టి కదిలేట్టు చేస్తారు. మనిషి ఎత్తు బొమ్మలు కూడా వుంటాయి. రామాయణ, భారత కథల మధ్యలో కేతిగాడు, బంగారక్క వచ్చి జనాన్ని నవ్విస్తారు. వానలు పడాలని యీ ఆట ఆడించే అలవాటు కూడా యీ ప్రాంతంలో వుండేది.

ఈ బొమ్మల తోళ్ళలో కూడా పాతకాలంలో అంతస్తులున్నాయని ఈ కళ మీద రాసినవాళ్ళు చెబుతారు. దేవుళ్ళకు, కథానాయకులకు జింకతోలు. మిగిలిన పాత్రలకు మేకతోలు. 1972 వన్యప్రాణుల సంరక్షణ చట్టం వచ్చాక జింకతోలు వాడటానికి వీల్లేకపోయింది. ఇప్పుడు రాముడు, రావణుడు, కేతిగాడు అందరూ మేకతోలే. వందల ఏళ్ళ అంతస్తును కాదనడానికి వొక చట్టం చాలింది. దాని వల్ల ఆట ఆగిపోలేదు, బొమ్మ అందం తగ్గలేదు.

ఆట చూసే జనం తగ్గాక యీ కుటుంబాలు దీపాల గుడ్డలు, గోడ బొమ్మలు, తలుపు తోరణాలు తోలుతో చేసి అమ్ముతున్నాయి. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇది సంతోషించాల్సిన విషయమే. వూరూరా తిరిగిన కళకు రాజధానిలో పేరు వచ్చింది.

కానీ మిత్రుడి ప్రశ్న అట్లాగే వుంది. తోలు మీద గీత గీసినప్పటి నించీ అది కళ. గీత గీయకముందు తోలు మీద జరిగిన పని? ఏ తోలు ఎంతసేపు నానాలి, ఎప్పుడు గీకాలి, ఎంత సున్నం వేస్తే తోలు కాలిపోతుంది, ఏ కాలంలో తంగేడు చెక్క బాగా పనిచేస్తుంది - యిదంతా తెలివి కాదా? రసాయన శాస్త్రం పేరుతో కాలేజీలో చెబితే చదువు. లంద దగ్గర చేస్తే కంపు. లంద పని చేసినవాళ్ళ పేర్లు ఏ సేకరణకూ ఎక్కలేదు. లందలు పూడిపోయాయి. ఆ తెలివి కూడా మనుషులతో పాటే పోతోంది.

డప్పు సంగతీ యింతే. చట్రం వొంచడం, తోలు బిగించడం, నిప్పు సెగకు పదును పెట్టడం, సిర్ర, చిటికెనపుల్ల రెంటితో దరువు నడపడం - యివన్నీ వొకే మనిషికి తెలుసు. అంటే వాద్యం చేసేవాడూ వాయించేవాడూ వొకడే. శాస్త్రీయ సంగీతంలో చాలాసార్లు వాద్యం చేసేవాడు వేరు, వాయించేవాడు వేరు. మృదంగం వాయించినవాడి పేరు కచేరీ కాగితం మీద అచ్చవుతుంది. దానికి తోలు మూసినవాడి పేరు అచ్చు కాదు. సంతకు, కచేరీకి వున్న పోలిక యిదే.

కరువు కాగితమైన చోట

కరువుకు, బొమ్మల సంతకు నేరుగా సంబంధమున్న వొక చరిత్ర బీహారులో వుంది. మిథిల ప్రాంతంలో ఆడవాళ్ళు పెళ్ళిళ్ళకు గోడల మీద బొమ్మలు వేసేవాళ్ళు. 1934 భూకంపంలో యిళ్ళు కూలినప్పుడు డబ్ల్యు.జి. ఆర్చర్ అనే ఇంగ్లీషు అధికారి లోపలి గోడల మీది బొమ్మలు చూసి, తర్వాత వాటి గురించి రాశాడు. 1966-67లో బీహారులో పెద్ద కరువు వచ్చింది. ఆ సమయంలో అఖిల భారత హస్తకళల బోర్డు పుపుల్ జయకర్ చొరవతో భాస్కర్ కులకర్ణి అనే చిత్రకారుణ్ణి అక్కడికి పంపింది. గోడ మీది బొమ్మను కాగితం మీద వేస్తే కొంటామని చెప్పారు. కరువు సహాయంగా మొదలైన పని ప్రపంచానికి తెలిసిన 'మధుబని' కళ అయింది.

మొదట్లో కాగితం అందింది ఎక్కువగా బ్రాహ్మణ, కాయస్థ కుటుంబాల ఆడవాళ్ళకు. 1970లలో దుసాధ్ కులానికి చెందిన దళిత స్త్రీలు కూడా బొమ్మలు మొదలుపెట్టారు. వాళ్ళు ఎవర్నో అనుకరించలేదు. తమ వొంటి మీది పచ్చబొట్ల గీతలను కాగితం మీదికి తెచ్చారు. కాగితానికి పేడనీళ్ళ పూత పూశారు. తమ వీరుడు రాజా సల్హేస్ కథను బొమ్మలుగా వేశారు. పచ్చబొట్టును అక్కడ 'గోద్నా' అంటారు గనక యీ శైలికి ఆ పేరే వచ్చింది. ఈ శైలిలో పనిచేసిన శాంతిదేవి పాసవాన్, శివన్ పాసవాన్ దంపతులకు 2024లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు మాళవికా రాజ్ లాంటి యువ చిత్రకారిణులు అదే మధుబని గీతతో బుద్ధుణ్ణి, అంబేద్కర్‌ను వేస్తున్నారు.

దీని నించి అనంతపురం ఏం నేర్చుకోవచ్చు? ఇక్కడా కరువులు వచ్చాయి. గంజి కేంద్రాలు, పశువుల దాణా, కూలిపనులు వచ్చాయి. అవన్నీ కావాల్సినవే. కానీ కరువులో జనం చేతిలో వున్న నేర్పును ఆస్తిగా చూసే ఆలోచన యిక్కడ దళితవాడ దాకా రాలేదు. ఎందుకంటే దళితవాడలో వున్నది కష్టం మాత్రమే, నేర్పు కాదనే నమ్మకం అధికారులకు, చదువుకున్నవాళ్ళకు ముందే వుంది. పచ్చబొట్టు మన పల్లెల్లోనూ పొడిచారు. కథ చెప్పేవాళ్ళు మనకూ వున్నారు. మాదిగల పుట్టుక కథను, జాంబపురాణాన్ని, పటం విప్పి చెప్పే డక్కలివాళ్ళు తెలంగాణలో వున్నారు. బొమ్మ మాదిగలకోసమే, కథ మాదిగలదే, దక్షిణ యిచ్చేదీ మాదిగలే. అగ్రకులాల పోషణ లేకుండా నడిచిన చిత్రకళ యిది.

పేరు వచ్చాక కూడా

పేరు వస్తే అన్నీ సర్దుకుంటాయా? డక్కలి కులంలో పుట్టి పన్నెండు మెట్ల కిన్నెర వాయించిన దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన హైదరాబాదు పక్కన కూలిపనికి పోతున్నాడని పత్రికల్లో వచ్చింది. బిరుదు వేరు, బతుకుదెరువు వేరు. వొకరికిచ్చే బిరుదు కులమంతటికీ దారి వెయ్యదు.

ఇంకో చిక్కు కూడా వుంది. దళిత చిత్రకారులు యిప్పుడు గేలరీల్లోకి వస్తున్నారు. నాగపూరు నించి వచ్చిన సవి సావర్కర్ అంటరానివాళ్ళను, దేవదాసీలను తన బొమ్మలకు విషయం చేసి, చాలామందికి దారి చూపాడు. ఇది గెలుపే. అయితే సంత దేన్నైనా సరుకు చేయగలదు. మెడకు కుండ, నడుముకు చీపురు కట్టిన మనిషి బొమ్మ కూడా కొన్నవాడి డ్రాయింగు రూములో అలంకారం కావచ్చు. దళితుడు తన బాధనే గీయాలి, అదే కొంటాం అనే వొత్తిడి రావచ్చు. దళిత చిత్రకారుడు చెట్టును గీస్తే, ఖాళీ నీలాన్ని గీస్తే ఎవరూ చూడకపోవచ్చు. బాధను మాత్రమే కొనే సంత కూడా పాత వాడను కొత్త చోట కట్టినట్టే.

చట్టంలో వున్నది

కార్యకర్తలు, టీచర్లు తెలుసుకోవాల్సిన కొన్ని విషయాలున్నాయి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మ అమ్మినంత మాత్రాన దాని మీది హక్కు అమ్మినట్టు కాదు. కొన్నవాడికి దక్కేది ఆ వొక్క బొమ్మ. దాన్ని కేలండరు మీద, చీర మీద అచ్చు వేయాలంటే వేసినవాడి రాతపూర్వక అనుమతి కావాలి. ఈ హక్కు కళాకారుడు బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు వుంటుంది. 57వ సెక్షను ప్రకారం యిది నా బొమ్మ అని చెప్పుకునే హక్కు హక్కులు అమ్ముకున్నా పోదు. 1994 సవరణతో వచ్చిన 53ఎ సెక్షను మరీ ముఖ్యమైనది. పదివేల రూపాయలకు మించిన ధరకు వొక అసలు బొమ్మ మళ్ళీ అమ్ముడైతే, ఆ ధరలో వేసినవాడికో వారసులకో వాటా వుండాలి. ఆ వాటా పది శాతం మించకూడదు. వెయ్యికి అమ్ముకున్న బొమ్మ పదేళ్ళ తర్వాత లక్షలు పలికితే, అమ్ముకున్నవాడి కుటుంబానికీ కొంత రావాలన్నదే దీని అర్థం. ఈ సెక్షను అడిగేవాళ్ళు లేక కాగితం మీదే వుండిపోయింది.

భౌగోళిక గుర్తింపు వేరే సంగతి. అది పేరును కాపాడుతుంది గానీ గీతను కాపాడదు. ఆ పేరుతో అమ్ముకోడానికి ప్రతి పనివాడూ అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. నమోదు కానివాడికి గుర్తింపు వున్నా లేనట్టే. కేంద్ర హస్తకళల శాఖ యిచ్చే 'పెహచాన్' కార్డు వుంటే ప్రభుత్వ సంతల్లో చోటు అడగడానికి వీలవుతుంది. తోలును సిద్ధం చేసేవాళ్ళు, డప్పు చేసేవాళ్ళు కూడా చేతిపనివాళ్ళే. ఆ కార్డు అడగాల్సింది బొమ్మలు వేసేవాళ్ళు మాత్రమే కాదు.

ఏం చేయొచ్చు?

నల్లమాడ లాంటి చోట పెద్ద గేలరీ కావాలని ఎవరూ అనడం లేదు. చేయగలిగిన పనులు కొన్ని వున్నాయి. వొకటి, లంద పని తెలిసిన ముసలివాళ్ళు యింకా వున్నచోట వాళ్ళ దగ్గర కూర్చొని, పనిముట్ల పేర్లు, తోలు రకాలు, పదును లెక్కలు వాళ్ళ మాటల్లోనే రాసి పెట్టడం. ఇది డిగ్రీ విద్యార్థులు వొక సెలవుల్లో చేయగల పని. రాసిన ప్రతి కాగితం మీదా చెప్పినవాళ్ళ అనుమతితో వాళ్ళ పేరు వుండాలి. పరిశోధకుడి పేరు రెండోది కావాలి. రెండు, హాస్టళ్ళలో, సర్కారు బళ్ళలో బొమ్మలు బాగా వేసే పిల్లల్ని అట్టల మీద నినాదాలు రాయడానికి మాత్రమే పిలవకుండా, జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం, హైదరాబాదు కేంద్ర విశ్వవిద్యాలయం లాంటి చోట్ల లలితకళల కోర్సులున్నాయని, అక్కడ రిజర్వేషన్ వుందని చెప్పడం. మన పిల్లలకు ఆ కోర్సుల పేరు కూడా తెలియకపోవడం వొక రకం గేటే. మూడు, అంబేద్కర్ జయంతికి వేసే బొమ్మల కింద, కట్టే బేనర్ల కింద వేసినవాళ్ళ పేరు రాయడం. మన సంఘాలు వేసే పోస్టర్లలో అధ్యక్ష కార్యదర్శుల పేర్లు వుంటాయి గానీ బొమ్మ వేసినవాడి పేరు చాలాసార్లు వుండదు. సంతను అడిగే ముందు యీ పని మన దగ్గర మొదలు కావాలి.

నాలుగు, చిత్రసంతె లాంటి చోటికి చూడటానికి మాత్రమే కాకుండా పెట్టడానికి పోవడం. డప్పును వాయించి చూపడమే కాదు, డప్పు ఎట్లా తయారవుతుందో అక్కడే చేసి చూపించొచ్చు. తోలు కంపు గురించి మాట్లాడేవాళ్ళు ముక్కు మూసుకునే లోపు ఆ పనిలోని లెక్క వాళ్ళకు వినిపించాలి.

కళ అనే మాట గొప్పది కాబట్టి అది మనకూ కావాలని యీ వ్యాసం అడగడం లేదు. పని చేసిన ప్రతి చేతికీ పేరుండాలి, పేరున్న ప్రతి పనికీ ధర వుండాలి, ఆ ధరలో చేసినవాడికి వాటా వుండాలి అని అడుగుతోంది. వొక తోలుబొమ్మ పక్కన చీటీ పెట్టేటప్పుడు గీసిన కుటుంబం పేరుతో పాటు తోలు సిద్ధం చేసినవాళ్ళ పేరు కూడా రాయమని అడగడం చిన్న కోరికే. కానీ ఆ వొక్క పేరు రాయాలంటే ముందు ఎవరో పోయి వాళ్ళెవరో కనుక్కోవాలి, వాళ్ళ వాడకు పోవాలి, వాళ్ళ యింటి ముందు కూర్చోవాలి. ఆ పని మనం చేయగలం.